ఆకుపచ్చ బొట్టు

"పంపనని చెప్పాను కదండీ అత్తయ్యగారూ. ఎన్నిసార్లడిగినా నా జవాబు అదే."

తాతాజీ ఆ మాట అనేసి అరుగుమీద స్తంభానికి ఆనుకుని కాలవ వైపు చూస్తూ నిలబడ్డాడు. అత్తగారి మొహంలోకి చూసే ధైర్యం అతనికి లేదు.

పాపాయమ్మగారు తెచ్చిన సారె మధ్యగదిలో దించినచోటే ఉంది. ఇత్తడి గిన్నెలో చలిమిడి, అరటిపళ్ళ గెల, పసుపూ కుంకుమా, కూతురికి డజను గాజులు. తొలిచూలు బిడ్డని పురిటికి తీసుకెళ్ళే తల్లి ఏమేం తేవాలో అన్నీ తెచ్చింది మహాతల్లి. కైకలూరు పక్క పల్లె నుంచి కొల్లేరంతా పడవమీద దాటి ఏలూరు వచ్చింది. వచ్చి గంట కాలేదు, అల్లుడి నోట ఈ మాట.

"అదేం మాట బాబూ? తొలి పురుడు పుట్టింట్లో కాక ఎక్కడైనా జరుగుతుందా?"

"ఏలూరులో పెద్దాస్పత్రి ఉందండీ. లేడీ డాక్టరుంది."

"ఆస్పత్రి ఉంది సరేరా," అంటూ లోపల్నుంచి వచ్చారు అతని తల్లి వీరరాఘవమ్మగారు. తెల్లచీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ కొడుకుని ఎగాదిగా చూశారు. "ఆస్పత్రిలో దాని తల్లి ఉందిట్రా? ఏడో నెల్లో అడిగితే తర్వాత చూద్దామన్నావు. ఎనిమిదో నెల్లో కదపకూడదు. తొమ్మిది పడింది. ఇంకెప్పుడు పంపుతావు? బారసాల అయ్యాకా?"

తాతాజీ కాలవ వైపే చూస్తున్నాడు. మొండివాడు రాజుకన్నా బలవంతుడన్నారు. మామూలుగా అతను మొండివాడు కాడు. చిన్న పిల్లాడు వచ్చి ఫోటో తియ్యమన్నా కాదనలేని మనిషి. అందుకే ఇద్దరు తల్లులకీ ఈ సంగతి అంతు చిక్కడం లేదు.

"మా వల్ల ఏదైనా లోపం జరిగిందా బాబూ? మర్యాదల్లో ఏమైనా..."

"అబ్బే, అదేం లేదండీ."

"పోనీ, మా పిల్లమీద ఏమైనా అనుమానమా?"

"అత్తయ్యగారూ!"

అనుమానం లేదని చెప్పడానికి నోరు తెరిచాడు కాని, మరి ఎందుకు పంపవని అడిగితే ఏం చెప్పాలో తెలీక మూసేసుకున్నాడు. ఆ మూసుకున్న నోటిని చూసి పాపాయమ్మగారి కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

తలుపు వెనకాల శేషారత్నం ఒక చెయ్యి గుమ్మానికీ, ఒక చెయ్యి నడుముకీ ఆనించి అంతా వింటోంది. ఆమెకి కారణం తెలుసు. కడుపు చించుకుంటే కాళ్ళమీద పడుతుందంటారు, అలాంటి కారణం అది. ఒకప్పుడు అతని చేతిలో చెయ్యి వేసి ఎవరికీ చెప్పనని ఒట్టు పెట్టుకుంది. కన్నతల్లి కళ్ళ ముందు ఏడుస్తున్నా ఆ ఒట్టు దాటలేకపోతోంది.

"సరే," అంది పాపాయమ్మగారు, ముక్కు చీదుకుని. "రేపు తదియ. మంచిరోజు. అది దాటితే అమావాస్య లోపల మరొకటి లేదు. తెల్లారేసరికి బయల్దేరాలని పడవ వాళ్ళకి చెప్పాను, రేవులోనే ఉన్నారు. అంతవరకూ ఈ గుమ్మంలో కూచుంటానండీ. అప్పటికీ మీరు కాదంటే ఆ చలిమిడి కాలవలో చేపలకి వేసి నా దారిన నేను పోతాను."

*

ఇంటి వెనకాల పెరట్లోనే స్టూడియో. పైన సగం కప్పు పెంకు, సగం గాజు. ఆ గాజులోంచి దిగే వెలుతురు కోసం ఏలూరు చుట్టుపక్కల పెళ్ళైన జంటలన్నీ అక్కడికే వచ్చేవి. తాతాజీ తీసిన ఫోటోలో మనిషి మొహం మీద నీడ ఎంత మెత్తగా పడేదంటే, గయ్యాళి గంపమ్మ కూడా అందులో నెమ్మదైన ఇల్లాల్లా కనిపించేది.

అంతా రంగుల సినిమా వచ్చేదాకానే. అది హాల్లో పడ్డ నెలలోనే ఊరివాళ్ళకి నలుపూ తెలుపూ అంటే చిన్నచూపైపోయింది. "ఫోటో బానే ఉందండీ, రంగులేవీ?" అని అడగడం మొదలెట్టారు. రంగులు తీసే కెమెరా ఏలూరులో ఎవరి దగ్గరుంది? మామూలు ఫోటో తీసి, పుల్లకి దూది చుట్టి, బుడ్డిలో రంగు ముంచి, చీరకో రంగు, అంచుకో రంగు, బుగ్గకో రంగు అద్దాలి. తాతాజీ కూడా మద్రాసు నుంచి రంగు బుడ్ల పెట్టె తెప్పించాడు. అతని పనితనం చూసి తాడేపల్లిగూడెం నుంచి కూడా జనం రైలెక్కి రావడం మొదలెట్టారు.

శేషారత్నం వెళ్ళేసరికి అతను బల్ల ముందు నిలబడి ఉన్నాడు. బల్లమీద తాడేపల్లిగూడెం రైసుమిల్లు సోమరాజుగారి తల్లి రాజేశ్వరమ్మగారి పటం, ఇంకా నలుపూ తెలుపుల్లోనే ఉంది. ఆవిడ పోయి ఏడాది కావస్తోంది. ముత్తైదువగా పోయిన పుణ్యాత్మురాలు. సంవత్సరీకం నాడు గోడకి పెట్టుకోవాలని, రేపు మధ్యాహ్నం వచ్చి పట్టుకెళ్తానని సోమరాజుగారు చెప్పి వెళ్ళారు. ఆకుపచ్చ చీర, ఎర్రంచు, కాసంత బొట్టు. అలాగే ఉండాలన్నారు.

"మా అమ్మ ఏడుస్తోందండీ."

"విన్నాను."

"అనుమానమా అని అడిగితే కాదని కూడా అనలేకపోయారు."

"ఏమనమంటావు రత్నం?"

"ఉన్నది చెప్పేద్దామండీ. కొంప మునగదు."

"ఉన్నదా!" అతను ఆమె వైపు తిరిగాడు. "రంగులద్దే ఫోటోగ్రాఫరుకి ఎరుపేదో ఆకుపచ్చేదో తెలీదని చెప్పమంటావా? ఆ మాట మీ అమ్మ నోట్లో ఎంతసేపు నానుతుంది? ఇవాళ కైకలూరు, రేపు ఆకివీడు, ఎల్లుండి ఏలూరు. ఆపైన ఈ స్టూడియో గడప ఎవరు తొక్కుతారు?"

అతను చెప్పింది అబద్ధమేం కాదు.

"నువ్వు వెళ్తే ఎప్పటికొస్తావు?" అతని గొంతు తగ్గిపోయింది. "పురుడు, బారసాల, మూడో నెలో అయిదో నెలో వచ్చాక గాని మీవాళ్ళు పంపరు. అన్నాళ్ళూ నేను ఎవరి కళ్ళతో చూడాలి?"

చెయ్యి అతనిది, కన్ను ఆమెది. అలా నడుస్తోంది వాళ్ళ కాపురం. తలుపు గడియ వేసుకుని ఆమె పక్కన పీటమీద కూచునేది. "ఎడం చివర బుడ్డి. కొంచెం పల్చగా. ఇంకొంచెం. చాలు," అనేది. బుడ్లమీది కాగితాల్లో పేరు వెతుక్కునే పని కూడా లేకుండా, అతను తప్పిపోకుండా బుడ్లని ఆమే ఒక వరసలో పెట్టింది. ఎడం చివర ఎరుపు, కుడి చివర ఆకుపచ్చ, మధ్యలో మిగతావి. మిగతావాటితో అతనికి పేచీ లేదు. పసుపు తెలుసు, నీలం తెలుసు. ఎరుపూ ఆకుపచ్చా మాత్రమే అతని కంటికి ఒకటి. రెండూ ఎండిన ఆకులా ఉంటాయిట.

ఆ సంగతి ఆమెకి పెళ్ళైన కొత్తలో కొల్లేట్లో తెలిసింది. పుట్టింటికి పడవలో వెళ్తున్నారు. పొద్దు వాలుతోంది. సరస్సంతా ఎర్రబడిపోయి, తూటికాడల మధ్య గూడబాతులు నీళ్ళమీద నిద్రపోతున్నట్టు తేలుతున్నాయి. పడవ నడుస్తోందో ఆగిందో తెలీడం లేదు. "ఎంతెర్రగా ఉందో చూశారా!" అంది ఆమె. అతను చాలాసేపు చూశాడు. తర్వాత పడవవాడికి వినపడకుండా అడిగాడు.

"ఎరుపంటే ఎలా ఉంటుంది రత్నం?"

వేళాకోళం అనుకుని నవ్వబోయింది. అతని మొహం చూసి ఆగిపోయింది.

"పొయ్యి ముందు కూచుంటే మొహానికి సెగ తగుల్తుందే, అలా ఉంటుందండీ," అంది, ఆలోచించి ఆలోచించి.

"మరి ఆకుపచ్చ?"

"వాన వెలిశాక చెప్పుల్లేకుండా పొలం గట్టు మీద నడిచినట్టు."

అతను కళ్ళు మూసుకున్నాడు. మూసుకుని, ఇప్పుడు కనిపిస్తోందన్నాడు. ఆ పూట ఆమె నీళ్ళలోని రంగులన్నీ అతనికి ఒక్కొక్కటే చెప్పింది. చెబుతుంటే, పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ చూస్తున్న ఆ కొల్లేరే ఆమెకి కొత్తగా కనిపించింది. పడవ దిగేముందే ఒట్టు వేయించుకున్నాడు. "మా అమ్మకి కూడా తెలీదు. నీకూ నాకే," అన్నాడు.

ఆ ఒట్టే ఇప్పుడు ఇంటిమీదికి వచ్చింది.

"కూచో," అన్నాడు తాతాజీ, ఆమె కాళ్ళ వాపు చూసి. ఫోటోలకి కూచునే పొడుగు బల్లమీద తలగడ పెట్టాడు. "నేనేదో ఆలోచిస్తాను."

గాజు కప్పులోంచి ఆశ్వయుజమాసపు ఎండ గోరువెచ్చగా దిగుతోంది. ఒక్క నిమిషం నడుం వాల్చుదామనుకుంది శేషారత్నం. నిండు చూలాలికి నిద్ర చెప్పి రాదు కదా.

కలలో కొల్లేరు కనిపించింది. నీళ్ళూ తూటికాడలూ ఆకాశమూ అన్నీ ఫోటోలోలాగా నలుపూ తెలుపూ. ఆమె పడవలో ఒక్కతే కూచుని ఉంది. నీళ్ళలో వేలు ముంచితే వేలు చుట్టూ కొంచెం రంగు పుట్టి, అలలతో పాటు వెళ్ళిపోతోంది. ఎవరో చిన్నపిల్ల ఒళ్ళో కూచుని ఇదేం రంగమ్మా, ఇదేం రంగమ్మా అని అడుగుతోంది. ఎంత చెప్పినా ఆ పిల్లకి చాలడం లేదు. చెప్పడం ఆమెకీ విసుగనిపించడం లేదు.

*

"రత్నం, లే. లేచి చూడు."

కళ్ళు తెరిచేసరికి ఎండ వాలిపోయింది. తాతాజీ ముందు నిలబడి ఉన్నాడు. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి. వేళ్ళ నిండా రంగు. మొహం పండగనాటి పిల్లాడి మొహంలా ఉంది.

"నువ్వు నిద్రపోయావు. లేపబుద్ధి కాలేదు. నేనే వేశాను, ఒక్కణ్ణీ. ఎడం చివర ఎరుపు, కుడి చివర ఆకుపచ్చ. నువ్వు చెప్పినట్టే, నువ్వు పెట్టిన వరసే. దూది ఎంత ముంచాలో చేతికి అలవాటైపోయింది." పటం తెచ్చి ఆమె ముందు నిలబెట్టాడు. "ఈ ఒక్కటీ నేనే చెయ్యగలిగితే నిన్ను పంపించేద్దామనుకున్నాను. చేశాను. ఇంక నువ్వు నిశ్చింతగా వెళ్ళు. మీ అమ్మ ఏడవక్కర్లేదు."

శేషారత్నం పటం వైపు చూసింది.

చీర ఎర్రగా ఉంది. అంచు ఆకుపచ్చగా ఉంది. పనితనానికి వంక పెట్టడానికి లేదు, ఒక్క మడత దగ్గర కూడా రంగు గీత దాటలేదు. పెదవుల జోలికి ఇంకా పోలేదు. నుదుటిమీద మాత్రం, ముత్తైదువగా పోయిన రాజేశ్వరమ్మగారి నుదుటి మధ్యన, కాసంత ఆకుపచ్చ బొట్టు.

పక్కకి చూస్తే బల్లమీద రంగు బుడ్లు వరసగా తళతళలాడుతూ కనిపించాయి. ఒక్కదానికీ కాగితం లేదు. అప్పుడు అర్థమైంది. దసరాకి ఆయుధపూజ చేసుకున్నప్పుడు, కోడలు కాళ్ళ వాపుతో లేవలేకపోతే, అత్తగారే స్టూడియో అంతా శుభ్రం చేశారు. కెమెరా తుడిచి, బుడ్లన్నీ కుంకుడురసంతో కడిగి, ఆరబెట్టి, మళ్ళీ ముద్దుగా సర్దారు. బుడ్ల మీది కాగితాలు కుంకుడు నురుగులో పోయాయి. వరస కూడా దాంతోనే పోయింది. ఆ తర్వాత పెట్టె తెరవడం ఇవాళే.

"ఎలా ఉంది?" అన్నాడు తాతాజీ.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే ఏమిటో శేషారత్నానికి ఆ క్షణంలో తెలిసొచ్చింది. బాలేదంటే అతను మళ్ళీ ఆ స్తంభానికి ఆనుకుని నిలబడిపోతాడు. తను ఇక్కడే ఉండిపోతుంది. తల్లి చలిమిడి కాలవలో వేస్తుంది. బావుందంటే రేపు మధ్యాహ్నం సోమరాజుగారి ముందు ఈ పటం బయటికి తీస్తాడు, ఇంత సంతోషంగానూ.

నిజం చెప్పొచ్చు. కాని ఆ మొహం అలా వెలగడం ఆమె ఎన్నడూ చూడలేదు.

"బావుందండీ," అంది.

"నిజంగా?"

"చాలా బావుంది."

అతను పకపకా నవ్వేశాడు. "మీ అమ్మతో చెప్పొస్తాను," అంటూ, వేళ్ళ రంగు తుడుచుకోవడం కూడా మర్చిపోయి పెరట్లోకి పరిగెత్తాడు.

అతను అటు వెళ్ళగానే శేషారత్నం బల్ల పట్టుకుని లేచింది. రంగింకా తడిగానే ఉంది. తుడిచేసి, ఎర్రబొట్టు పెట్టేసి, సోమరాజుగారికి చీరమాట ఏదో ఒకటి సర్దిచెబితే సరి. అతనికి తెలియనే తెలీదు. దూది పుల్లకి చుట్టింది. అంతలో గుమ్మంలో అలికిడైంది.

వీరరాఘవమ్మగారు కాఫీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నారు. కోడల్ని చూడ్డం లేదు. పటాన్ని చూస్తున్నారు.

"అత్తయ్యా, అదీ... నేనే పొరపాటున..."

"అబద్ధాలాడకే అమ్మాయ్. కడుపుతో ఉన్నావు." ఆవిడ గ్లాసు కిందపెట్టి మెల్లిగా బల్ల దగ్గరికొచ్చారు. "వీడు వేశాడు. అంతేనా?"

శేషారత్నం తల దించుకుంది.

"బుడ్ల వరస నేనే చెరిపేశాను కాబోలు. ఇలా వరస పెట్టుకుని నడుపుకొస్తున్నారని నాకేం తెలుసు!" ఆవిడ నెత్తి కొట్టుకున్నారు. "శుభ్రం చేద్దామని పోయి కొంప ముంచాను."

"మీకు... తెలుసా అత్తయ్యా?"

"తల్లిని కానుటే?" ఆవిడ పీట లాక్కుని కూచున్నారు. "చిన్నప్పుడు, ఇంకా బడికైనా వెయ్యలేదు, పచ్చడికి పండుమిరపకాయలు కోసుకురమ్మని పెరట్లోకి పంపాను. గుప్పెడు పచ్చిమిరపకాయలు తెచ్చాడు. వేళాకోళంగా ఉందిట్రా అని ఒక్కటిచ్చాను. వాడు ఏడుస్తూ 'ఎర్రవేనే అమ్మా' అన్నాడు. అప్పుడు మా నాన్న జ్ఞాపకమొచ్చాడు. ఆయనకీ ఇంతే. మా అమ్మ పక్కనుండి చెప్పాల్సిందే. తాతది నా మీదుగా మనవడికి వచ్చింది, నన్ను మాత్రం ముట్టుకోలేదు."

ఆవిడ కళ్ళొత్తుకున్నారు.

"ఆనాటి నుంచి వాణ్ణి రంగు పేరు చెప్పి ఏదీ తెమ్మనలేదు. పైదాంట్లో చొక్కా వేసుకో అనేదాన్ని, ఎడమవైపు డబ్బా తే అనేదాన్ని. నాకు తెలీకుండా దాచుకున్నాననుకున్నాడు వెర్రి నాగన్న. నేను దాచనిచ్చాను. వాడికి తెలిసిందంటే చిన్నబోతాడు కదా."

శేషారత్నానికి ఏడుపొచ్చింది. ఈ ఇంట్లో ఒకే రహస్యాన్ని ముగ్గురు మూడు మూలల్లో ఇన్నాళ్ళూ దాచుకున్నారన్నమాట.

"అందుకే నిన్ను ఏరి తెచ్చుకున్నానే," అన్నారు అత్తగారు, ఆమె గడ్డం పుణికి. "మీ ఇంటికి పెళ్ళిచూపులకి వచ్చినప్పుడు నువ్వు దండ కడుతున్నావు. కనకాంబరం, మరువం, మళ్ళీ కనకాంబరం, మళ్ళీ మరువం. తల ఎత్తకుండా, ఒక్క పువ్వు తప్పకుండా. ఈ పిల్ల అయితే నా కొడుక్కి కళ్ళవుతుందనుకున్నాను. నా తర్వాత వాడికెవరు చెప్తారు? నువ్వు వెళ్ళి హాయిగా పురుడు పోసుకుని రా. ఈ అయిదు నెలలూ వాడికి రంగులు నేను చెప్తాను. చిన్నబోతే పోనీ."

"అయితే నా కూతుర్ని కోడలిగా కాదు, కళ్ళజోడుగా తెచ్చుకున్నారన్నమాట వదినగారూ!"

ఇద్దరూ ఉలిక్కిపడి చూశారు. గుమ్మంలో పాపాయమ్మగారు. ఆవిడ వెనకాల తాతాజీ. గాజులు తొడిగిద్దామని సంబరంగా అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చాడు పాపం. ఎప్పట్నుంచి నిలబడి ఉన్నారో ఏమో, అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"అది కాదు వదినగారూ, నా మాట వినండి..."

"విన్నానండీ. అంతా విన్నాను." పాపాయమ్మగారి గొంతు లేచింది. "పిల్లాడికి ఈ లోపం ఉందని ముందే ఒక్క మాట చెప్పొద్దుటండీ? మేం కాదనేవాళ్ళమో అవుననేవాళ్ళమో, అది మా ఇష్టం కదా! దండ కడుతున్న పిల్లని చూసి ముచ్చటపడ్డారనుకుని మురిసిపోయాను. మీరు చూసుకున్నది మీ అవసరమా?"

"అమ్మా, ఊరుకో," అంది శేషారత్నం.

"నువ్వు నోరుమూసుకో. నీకూ తెలుసు, నాకు చెప్పలేదు. పద. రేపు తదియా లేదు, గిదియా లేదు. పడవ రేవులో ఉంది. పురుడయ్యాక తిరిగి పంపే మాట మీ నాన్నా నేనూ అప్పుడాలోచిస్తాం."

పొద్దున పంపనన్నది అల్లుడు. పొద్దు వాలేసరికి పంపనంటున్నది అత్తగారు. మధ్యలో శేషారత్నం పుల్లకి చుట్టిన దూది చేత్తో పట్టుకుని అలాగే నిలబడిపోయింది.

తాతాజీ నెమ్మదిగా లోపలికి వచ్చి పటం ముందు నిలబడ్డాడు. వంగి, మొహం దగ్గరగా పెట్టి, తను పెట్టిన బొట్టుని పరీక్షగా చూశాడు. అతనికి అందులో ఏ తప్పూ కనిపించలేదు.

"ఆకుపచ్చగా ఉందా అమ్మా?"

వీరరాఘవమ్మగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. తల ఊపారు.

"చీర?"

"ఎరుపు నాయనా."

అతను తల పంకించాడు. తర్వాత భార్య వైపు తిరిగాడు. కోపం ఉంటే బావుండేదనిపించింది శేషారత్నానికి. అతని కళ్ళలో కోపం లేదు.

"బావుందన్నావు."

"ఏవండీ..."

"ఇన్నాళ్ళలో నువ్వు నాకు రంగు తప్పు చెప్పడం ఇదే మొదలు రత్నం. నాకు నా కళ్ళమీద నమ్మకం లేదు. నువ్వు ఎరుపంటే ఎరుపు, పచ్చంటే పచ్చ. కొల్లేట్లో నువ్వు చెప్పిందంతా నేను చూశాననుకున్నాను." పటం వైపు చెయ్యి చూపించాడు. "అదీ ఇలాంటిదేనా?"

"కాదండీ!" అంది. ఒకడుగు ముందుకేసింది. "అది కాదండీ..."

"నిన్ను పంపుతున్నానని చెప్పడానికే వచ్చాను. వెళ్ళు. నువ్వు మీ అమ్మ దగ్గర పురుడు పోసుకోవాలి, నాకూ అదే కావాలి." పాపాయమ్మగారి వైపు తిరిగి, "తీసుకెళ్ళండి అత్తయ్యగారూ. పంపితే పంపండి, లేకపోతే లేదు. తప్పు మాదే," అన్నాడు.

పాపాయమ్మగారు కూతురి చెయ్యి పట్టుకుంది.

తాతాజీ పీట లాక్కుని బల్ల ముందు కూచున్నాడు. పాత గుడ్డముక్కతో బొట్టు తుడిచేశాడు. రాజేశ్వరమ్మగారి నుదుటిమీద ఆ చోటు బోసిగా మిగిలింది. అది చూసి వీరరాఘవమ్మగారు మొహం తిప్పుకున్నారు. తన నుదురూ పదేళ్ళుగా అలాగే ఉంది. ముత్తైదువ బొట్టుకి ఎర్ర బుడ్డి తను చూపించవచ్చునా కూడదా అని ఆవిడ చెయ్యి కొంగులోనే ఆగిపోయింది.

అయినా అతను తల్లిని అడగలేదు.

కడిగి తళతళలాడుతున్న బుడ్లన్నీ దగ్గరికి జరుపుకుని, చెయ్యి శేషారత్నం వైపు చాపాడు. ఆమె చేతిలోని పుల్ల కోసం.

"వెళ్ళేముందు ఒక్క నిజం చెప్పి వెళ్ళు రత్నం. ఎరుపు ఏ బుడ్డిలో ఉంది?"

రేవు నుంచి పడవవాడు ఎవరినో పిలిచే కేక వినిపించింది. తల్లి చెయ్యి లాగుతోంది. కుడి చివర ఎరుపు, ఆమెకి కనిపిస్తూనే ఉంది. చూపించడం ఎంతసేపు? చూపిస్తే ఇంక ఇక్కడ తనతో పని లేదు, పడవ ఎక్కెయ్యొచ్చు. చూపించకపోతే ఆ బోసి నుదురు అలాగే ఉంటుంది, తనూ అతని పక్కన ఇక్కడే ఉండిపోవాలి.

శేషారత్నం తల్లి చెయ్యి విడిపించుకోలేదు. పుల్ల కూడా అతనికి ఇవ్వలేదు.